నమలని ముద్ద

పొద్దున్నే మునిరత్నమ్మ ఎప్పటిలాగే ఎసట్లో రాగిపిండి పోసి సంగటి కెలికింది. బర్మా యుద్ధం నుంచి మొగుడు మునికృష్ణప్ప బాగేపల్లి పక్కన ఉన్న తమ పల్లెకు తిరిగొచ్చి ఎనిమిది నెలలు. బాంబు తునక ఒకటి ఎడమ దవడ విరగ్గొట్టి పళ్లన్నీ రాల్చేసింది. అయినా పూటకు రెండు ముద్దలు తింటాడు.

ఆ ముద్దలే కొంప ముంచాయి. పెన్షన్ అర్జీ కొట్టేశారని బడి మేష్ట్రు నరసింహయ్య నిన్న కాగితం చదివి చెప్పాడు. తిండి ఎట్లా తింటాండావని బెంగళూరులో డాక్టరు దొరలు అడిగితే, ఎప్పటి మాదిరే రెండు ముద్దలని మునికృష్ణప్ప జవాబిచ్చాడు. తినగలిగేవాడికి పెన్షన్ ఎందుకని వాళ్లు రాసుకున్నారు. సంగటి నమిలేది కాదు, తుంచి పులుసులో అద్ది మింగేది. ఆ సంగతి దొరలకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ మింగుతున్న మనిషికి అదొక చెప్పాల్సిన మాటగా తోచలేదు.

మళ్లీ అర్జీ పెట్టడానికి నెలాఖరు వరకే గడువు. అది ఒప్పుకుంటే పెన్షనే కాదు, మిలిటరీ ఆస్పత్రిలో పళ్లు కూడా కట్టిస్తారు.

"నేనేం అబద్ధం చెప్పలే. మళ్లీ పోయి తినలేనని ఏడ్వల్లా?" అని మునికృష్ణప్ప మొండికేశాడు. సంగటి తినేవాణ్ణి అవిటివాడని రాయిస్తే ఊరు నవ్వుతుందని అత్త చౌడమ్మ కూడా కొడుకునే వెనకేసుకొచ్చింది.

ఆమెకు ఇంకో కడుపుమంట ఉంది. తను నూనెలో కాల్చే కరకరలాడే బియ్యప్పిండి నిప్పట్లంటే కొడుకుకు ప్రాణం. వచ్చినప్పటి నుంచి ఒక్కటీ ఎదురుగా తినలేదు. రెండు ముద్దలు తినేవాడు నిప్పట్టు కొరకలేడని ఆమెకు తట్టలేదు. చేను కాడ తింటానంటూ జేబులో వేసుకుని పోతాడు. ఈ పొద్దూ జేబులో వేసుకుని గడప దాటబోతున్నాడు.

"నా చేతి తిండి వానికి చేదయింది. నువ్వేం నూరిపోసినావే?" అని చౌడమ్మ కోడలి మీదికి తిరిగింది.

అసలు సంగతి మునిరత్నమ్మకు తెలుసు. నోరు తెరిచి చెప్పనని మూడేళ్ల బిడ్డ తల మీద మొగుడు ఒట్టు వేయించుకున్నాడు. మొన్ననే అమ్మవారు పోసి లేచిన బిడ్డ. లోపలికి పోయి మొగుడి మిలిటరీ పెట్టె ఈడ్చుకొచ్చి, అత్త ముందు మూత తీసింది.

పెట్టె నిండా నిప్పట్లు. బూజు పట్టినవి, చీమలు తొలిచినవి. ఒక్కదానికీ పంటిగాటు లేదు.

చౌడమ్మ ఒకటి తీసి తిప్పి చూసింది. కొడుకు దవడ వైపు చూసింది. పెట్టె పక్కన కూర్చుని ఇంకోటి తీసింది.

"పారేసి ఉండొచ్చు గదరా."

"నీ చేతివి యాడ పారేసేదమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఆ పొద్దు చేసిన నిప్పట్లు రోట్లో వేసి మెత్తగా దంచి, బెల్లం పాలల్లో కలిపి ఇచ్చింది. మునికృష్ణప్ప గిన్నె దించకుండా తాగేశాడు. కోడలి చేతికీ ఒక గిన్నె ఇచ్చి, "నీ మీద లేనిపోనివి అంటినమ్మా," అంది.

సాయంత్రం ముగ్గురూ మేష్ట్రు ఇంటి అరుగెక్కారు. ఏమని రాయాలని ఆయన అడిగితే మునికృష్ణప్ప నేల చూశాడు. చౌడమ్మే మాట అందుకుంది.

"సంగటి మేము నమలమని రాయండి సామీ. కన్నతల్లి చేసిన నిప్పట్టు ఎనిమిది నెలల్లో ఒక్కటీ కొరకలేకపోయినాడని రాయండి."

మేష్ట్రు రాశాడు. మునికృష్ణప్ప సంతకం పెట్టాడు. మునిరత్నమ్మ చంకలోని బిడ్డ నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.