దండ వేసే రోబో

చిరాగ్‌పల్లి దాటాక ఏజెంట్ సంగప్ప హైవే పక్కన స్కూటర్ ఆపాడు. వెనక వచ్చిన జీపు ఆగలేదు, నెమ్మదించింది అంతే. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. సంగప్ప చెరుకు తోట గట్టు మీద పడ్డాడు. చొక్కా కింది వైర్‌లెస్‌లో ఆఖరి మెసేజ్ పంపాడు.

"రోబోట్ పోటీ. డాక్టర్. మాస్టర్ వేషం."

అది 1986.

రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ ఫైలు మూసి ఏజెంట్ రేవణసిద్ధప్ప వైపు చూశాడు.

"ఆదివారం జహీరాబాద్ మార్కెట్ యార్డులో బడిపిల్లల రోబోట్ పోటీ. ముఖ్య అతిథి డాక్టర్ రామ్‌కిషన్. మన మిసైల్ గైడెన్స్ మొత్తం ఆయన తలలో ఉంది. ఆ తల కోసం విదేశీ ముఠా పంపినవాడు ఫాల్కన్. ఫోటో లేదు. జట్లతో వచ్చే మాస్టర్లలో ఒకడు."

"పోటీ రద్దు చేస్తే?"

"ఇంకోచోట చంపుతాడు. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"అర్థమైంది సార్."

"నీ మొహం చూస్తే అర్థమైనట్టు లేదు."

రేవణసిద్ధప్ప ఫైలు అందుకున్నాడు. అతనిదీ సంగప్పదీ న్యాల్‌కల్‌లో ఒకే వాడ. లింగాయతుల పద్ధతిలో శవాన్ని కూర్చోబెట్టి సమాధి చేసినప్పుడు, గుంతలోకి దిగి పట్టుకున్నది అతనే. సంగప్ప తల్లి బసమ్మ ఏడవలేదు.

"సంపినోడు బతికే ఉన్నడా?" అంది.

"ఉన్నడు పెద్దమ్మా."

"అయితే నువ్వు ఈడేం జేస్తున్నవ్?"

ఆదివారం పొద్దున యార్డు షెడ్డులో మిరపకాయల ఘాటు ఇంకా పోలేదు. టేబుళ్ల మీద నూనె డబ్బాల తలలు, సైకిల్ చైన్ల కాళ్లు, లారీ వైపర్ మోటర్ల చేతులు. రేవణసిద్ధప్ప సఫారీ సూటులో, అంటించిన మీసంతో మైకు పట్టుకున్నాడు.

"జట్లకు విజ్ఞప్తి! ఒక్కో జట్టుకు ఒక టేబులు, ఒక ప్లగ్గు. కరెంటు పోతే లొల్లి వెట్టొద్దు, వచ్చినంక మళ్ల మొదలువెడదం. రోబో మూడుసార్లు ఆగితే మాఫీ. నాలుగోసారి ఆగితే ఎత్తుకోని పోవాలె. మీ రోబోను మీరే ముట్టాలె. మాస్టర్లందరు తాడు అవతల్నే. గెల్వాల్సింది పిల్లలు, మాస్టర్లు గాదు! ఓడినోళ్లకు సుత ఉప్మా ఉంది!"

పిల్లలు నవ్వారు. అతను తాడు అవతల మొహాలు వెతికాడు. అందరి చేతులకూ చాక్‌పీసు పొడే.

షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన పక్కకు వచ్చి నిలబడ్డాయి. నీలా. డాక్టర్‌గారి సెక్రటరీ. ఆమెను ఆ కుర్చీలో ముఠా కూర్చోబెట్టింది. మన డిపార్ట్‌మెంటూ కూర్చోబెట్టింది. డబుల్ ఏజెంట్.

"జొన్నరొట్టె సల్లారిందా?" అంది మెల్లగా.

"ఎల్లిపాయ కారం మండుతనే ఉంది."

కోడ్ కుదిరింది.

"మీసం ఊడుతున్నది, అనౌన్సర్ సాబ్."

"సంగప్పను అమ్మింది మీరేనా మేడం?"

"నేనైతే నిన్ను సుత కలిపి అమ్మేదాన్ని. విను. బాంబు ఒక రోబోల ఉంది. ఏ రోబోనో నాకు తెల్వదు. వాని మొహం నేను సుత సూడలే. రిమోట్ నొక్కినంక నిమిషానికి పేలుతది. ఆ నిమిషంల వాడు జీపెక్కుతడు. జనాన్ని లేపినవా, అప్పుడే నొక్కుతడు."

రేవణసిద్ధప్ప జేబులో సున్నపు డబ్బీ ఉంది. దగ్గర్లో రిమోట్ పనిచేస్తే ఆ డబ్బీలో దాచిన డిటెక్టర్ వణుకుతుంది. షెడ్డు నిండా రిమోట్లే. పొద్దుటి నుంచి వణుకుతూనే ఉంది. దాన్ని ఆపేసి కళ్లనే నమ్ముకున్నాడు.

పొద్దున గేటు దగ్గర అతని తనిఖీలో మాస్టర్లందరూ గడియారాలు, తాళంచెవులు ట్రేలో పెట్టి లోపలికొచ్చారు. రాయికోడ్ జట్టు మాస్టర్ చెన్నబసప్ప ఒక్కడే ఛాతీ మీద దారానికి వేలాడే వెండి లింగకాయను చేత్తో కప్పుకున్నాడు. "లింగం. తీయరాదు," అన్నాడు. అలాంటిదే రేవణసిద్ధప్ప చొక్కా కిందా ఉంది. దండం పెట్టి వదిలేశాడు.

రాయికోడ్ జట్టు వంతు వచ్చింది. ఎనిమిదో తరగతి శరణమ్మ మీట నొక్కింది. వాళ్ల రోబో పేరు దండ వేసే రోబో. రెండు చేతుల్లో బంతిపూల దండ పట్టుకుని డాక్టర్‌గారి కుర్చీ వైపు కదిలింది.

"బ్యాటరీ పెట్టె మా కొత్త మాస్టర్ ఇచ్చిండు సార్!" అని శరణమ్మ గర్వంగా చెప్పింది.

అందరూ రోబోను చూశారు. రేవణసిద్ధప్ప మాస్టర్‌ను చూశాడు. ఛాతీ మీద వెండి కాయ లేదు. మెడలోని దారం చొక్కా పక్క నుంచి దిగి ప్యాంటు జేబులోకి పోయింది. చెయ్యి కూడా జేబులోనే.

ఒంటి మీది లింగం నాభి దాటి కిందికి దిగకూడదు. న్యాల్‌కల్‌లో ఊయల దిగిన ప్రతి పిల్లకూ తెలుసు. ఫాల్కన్ భాష నేర్చాడు, పూజ నేర్చాడు. జేబు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

జేబులో వేలు కదిలింది. రోబో ఛాతీ మీద ఎర్ర బల్బు వెలిగింది. మాస్టర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

రేవణసిద్ధప్ప తాడు దూకి ఫాల్కన్‌ను రోబో దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. బేడీ ఒక కొస ఫాల్కన్ మణికట్టుకు, రెండో కొస రోబో ఇనుప నడుముకు. పక్కటెముకల్లో పిస్టల్. నోటి దగ్గర మైకు.

"ఇప్పుడు మాస్టర్ గారు మిషిను ఇప్పి సూపిస్తరు! దగ్గరికి ఎవరు రాకున్రి, దూరంకెల్లే సప్పట్లు కొట్టున్రి!"

"మాస్టర్లు ముట్టద్దన్నరు గద సార్!" శరణమ్మ అరిచింది.

"ఈ పరీక్ష మాస్టర్‌కే బిడ్డా. ఉరుకు, ఉప్మా అయిపోతది."

నీలా డాక్టర్‌గారి కోటు మీద చాయ్ ఒలకబోసి, సారీలు చెబుతూ దూరంగా నల్లా దగ్గరికి లాక్కుపోయింది. షెడ్డు పక్కనే లారీలు తూచే కాటా కోసం తవ్విన కాంక్రీటు గుంత ఉంది. రేవణసిద్ధప్ప ఇద్దర్నీ, మనిషినీ మరనూ, అందులోకి తోసి తనూ దూకాడు.

"బేడీ తీయి! మనం ఇద్దరం చనిపోతాం!" ఫాల్కన్ తెలుగు ఒక్కసారిగా పాఠ్యపుస్తకమైపోయింది.

"కూసో. సంగప్పను కూసోబెట్టిన గుంత గూడ ఇంతే లోతు."

"నీకు పిచ్చి!"

"ఏ వైరు తెంపాల్నో నాకు తెల్వదు. నీకు తెలుసు. నాకు తొందర లేదు."

పైన చప్పట్లు మోగుతున్నాయి. ఫాల్కన్ ఒంటిచేత్తో బ్యాటరీ పెట్టె స్క్రూలు తిప్పాడు. చెమట కళ్లలోకి కారింది. స్క్రూ జారి పడింది. ఏడ్చాడు, వెతికాడు, పళ్లతో వైరు పీకాడు. బల్బు ఆరిపోయింది.

రేవణసిద్ధప్ప పిస్టల్ దించలేదు. బసమ్మ ముఖం కళ్ల ముందుంది. ఫాల్కన్ బంతిపూల మధ్య ముడుచుకుని వణుకుతున్నాడు, ప్యాంటు తడిసిపోయింది. చంపితే ఆ వణుకు ఆగిపోతుంది. బాంబు ఆపడానికి పట్టిన దానికన్నా, పిస్టల్ దించడానికే ఎక్కువ సేపు పట్టింది.

తడిసిన కోటుతో డాక్టర్ రామ్‌కిషన్ గుంత అంచుకు వచ్చాడు. బేడీలు ఆయన కళ్లకు ఆనలేదు.

"ఎంత వేగంగా విప్పాడయ్యా! ఇలాంటి మాస్టర్లు ఉండాలి. ఏ బడి?"

రేవణసిద్ధప్ప మీసం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్యాల్నే బదిలీ అయింది సార్. చంచల్‌గూడ జైలుకు. ఆ పోస్టుల రిటైర్‌మెంట్ ఉండదు."