వరసల్లేని ఊరు

అంగారకుడి మీద ఊరు కట్టాలంటే ఇటుక కంటే ముందు జవాబు కావాలి. లోకశిల్పి అనే యంత్రం ఆటలో చీటీ తీసినట్టు ఒక్కో ప్రశ్న వేస్తుంది. మనిషి చెప్పే జవాబులను బట్టి గాజుబల్ల మీద ఒక ఊరు లేస్తుంది. అందులో ఊహాజనులు పుట్టి పెరిగి, మన కాఫీ చల్లారేలోపు ఒక తరం బతికేస్తారు. ఆ ఊరు నిలబడితే అసలు ఊరికి అదే నమూనా.

చారుశీల పొద్దుటి నుంచీ ఆ బల్ల ముందే కూర్చుంది. ఇంతకు ముందు అంగారకుడి మీద కాపురం పెట్టినవాళ్లు తగాదాలు పడి, ఒకరి మొహం ఒకరు చూడలేక, ఊరు ఊరంతా తిరిగొచ్చేశారు. ఈసారీ అంతే అయితే ఇక ఓడలు పంపరు. పైగా ఈసారి బయల్దేరే ఓడలో చారుశీలతో పాటు ఆమె అక్క అంబుజవల్లీ వెళుతోంది. చారుశీల వాటాకొచ్చిన అమ్మ కుట్టుమిషన్‌ను అక్క ఒక్క మాటైనా చెప్పకుండా ఎవరికో ఇచ్చేసిన నాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చారుశీల దిగులంతా అదే.

"కొళాయి ఉమ్మడిదా?" అడిగింది లోకశిల్పి.

"ఎవరిది వాళ్లకే."

"గోడలు?"

"అవీ విడివిడిగానే."

ఊరు లేచింది. కాసేపటికే మళ్లీ రచ్చకెక్కింది. చారుశీలకు చిర్రెత్తుకొచ్చింది.

"అన్నీ ఎవరివి వాళ్లకిచ్చాను కదా! ఇంకా దేనికి కొట్టుకు చస్తున్నారు?"

"తగాదాలన్నీ ఒకే తీరుగా మొదలవుతున్నాయి," అంది యంత్రం. "'మా వదినే కదా', 'తమ్ముడివే కదా', 'బాబాయి సొమ్మే కదా'."

చారుశీల నిటారుగా కూర్చుంది. ఈ 'కదా' అనే దొంగ ఆమెకు బాగా తెలిసినవాడే; కుట్టుమిషన్ పోయింది వాడి వల్లే. "అయితే వరసలు తీసెయ్. ఎవరికెవరూ ఏమీ కారు. అందరూ పేరుకు గారు చేర్చి పిలుచుకోవాలి."

ఈసారి తరం మొత్తం గడిచినా ఒక్క కేక వినబడలేదు. పై అధికారి జోగేశ్వరరావు వచ్చి చూసి పొంగిపోయాడు.

"భేష్! ఇంకా ఆలోచనెందుకమ్మా, ఇదే ఖాయం చేసేద్దాం."

"ఒక్క నిమిషం సార్. లోపల ఎలా ఉన్నారో చూస్తాను." కుతూహలం ఆమెను ఊరుకోనివ్వలేదు.

వీధులు అద్దంలా ఉన్నాయి. అరుగుల మీద ఒక్కరూ లేరు. ప్రతి ఇంట్లోనూ జనం చిన్న పెట్టెల ముందు కూర్చుని వాటితో మాట్లాడుతున్నారు.

"ఏమిటా పెట్టెలు? నేను పెట్టలేదే!"

"వాళ్లే కనిపెట్టుకున్నారు. అవీ నాలాగే ప్రశ్నలు వేసి లోకాలు కడతాయి."

"మొదటి ప్రశ్న ఏమిటి?"

"'నీకు ఎవరెవరు ఏమవుతారు?'"

ఒక ముసలాయన జవాబు చెబుతున్నాడు. "నాకో తమ్ముడున్నాడు. వట్టి వెధవ. అడక్కుండా నా చొక్కా తొడుక్కుపోతాడు." చెబుతూ పకపకా నవ్వుతున్నాడు. చారుశీలకు మాత్రం ఏడుపొచ్చింది.

"ఈ ఊళ్లో ఒకరింట్లో ప్రాణవాయువు కారిపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"జరిపి చూశాను. పక్కింటివారు మర్యాదగా సందేశం పంపారు. జవాబు రాలేదు. ఇబ్బంది పెట్టడం ఎందుకని తలుపు తట్టలేదు. ఆ ఇంటాయన బతకలేదు."

"వరసలు పెట్టి చూడు."

"నెల్లాళ్లుగా మాటల్లేని వదిన తలుపు బద్దలు కొట్టింది. మరిదిని బయటికి ఈడ్చింది. అతనికి ఊపిరి ఆడగానే తిట్టడం మొదలుపెట్టింది."

జోగేశ్వరరావు నసిగాడు. "బానే ఉందమ్మా, కానీ మొదటివాళ్లలాగే వీళ్లూ తగాదాపడి తిరిగొచ్చేస్తేనో?"

"తగాదాలు పడ్డారు సార్. కానీ అందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు."

ఆయన వరసలున్న ఊరికే ఆమోదముద్ర వేశాడు.

లోకశిల్పి ఆఖరి ప్రశ్న వేసింది. "మీ పక్కింట్లో ఎవరిని పెట్టమంటారు?"

"మా అంబుజక్కని."

"ఆవిడ ఇష్టం కనుక్కున్నారా?"

"అక్కే కదా," అంది చారుశీల, "అడిగేదేముంది?"