ఎనిమిదో పతకం

చీఫ్ ఫైలు బల్ల మీద పడేశాడు.

"రేపు పదకొండింటికి కొత్త యుద్ధనౌక జలప్రవేశం. కమాండర్ స్టీలు పెట్టె తెరిచి సిగ్నల్ కోడ్‌బుక్ కెప్టెన్‌కి అప్పగిస్తాడు. శత్రు ముఠా కన్ను దాని మీదే. అది పోతే మన నౌకలన్నీ వాళ్ల గుప్పిట్లో ఉన్నట్టే. కమాండర్‌ని అంటిపెట్టుకుని ఉండు."

"ఏ కమాండర్?" అన్నాడు పిల్లి. ఆఫీసులో అతని మారుపేరు అదే.

"మీ బావగారే."

పిల్లికి ఒళ్లు మండిపోయింది. యుద్ధంలో ఇద్దరూ ఒకే ఓడలో పనిచేశారు. శత్రు సబ్‌మెరైన్ పెరిస్కోప్‌ని ముందు చూసింది తను. పేల్చమని ఆర్డరిచ్చింది అక్క మొగుడు. శౌర్యపతకం ఆయనకి, పేపర్లో ఫొటో ఆయనది, ప్రమోషన్లు ఆయనవి. తనకి దక్కింది ఓ మారువేషాల పెట్టె. "మీ బావని చూసి నేర్చుకోరా" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అసూయే. కాదని అతనెప్పుడూ అనలేదు.

మర్నాడు డాక్‌యార్డులో ఫొటోగ్రాఫర్ వేషంలో నిలబడ్డాడు. కెమెరాలో మత్తు సూదులు. తోడుగా విలేకరి వేషంలో రికార్డుల సెక్షన్ సుందరి, ఎర్ర లిప్‌స్టిక్‌తో సహా.

"అబ్బ, మీ బావగారు ఎంత దర్జాగా ఉన్నారో!"

"ఏడిశాడు," గొణిగాడు పిల్లి.

కమాండర్ వేదికెక్కాడు. అదే మీసం, అదే నడక. పిల్లి కళ్లు అలవాటుగా పతకాలు లెక్కపెట్టాయి. ఎప్పుడూ ఏడే ఉండేవి, ఇవాళ ఎనిమిది! ఆ శౌర్యపతకం కూడా ఉంది. అందుకున్న రోజు తప్ప బావ దాన్ని ఏ పరేడ్‌లోనూ పెట్టుకోలేదు. పొగరుతో దాచుకున్నాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నాడు.

వీడు బావ కాదు. సర్వీసు రికార్డు చూసి తయారుచేసిన మనిషి. రికార్డు ఎవరి చేతిలో ఉంటుంది? పిల్లి పక్కకి తిరిగాడు. సుందరి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీస్తోంది.

క్లిక్! ఆమె ఒరిగిపోయింది. వేదిక మీద దొంగ కమాండర్ చెయ్యి కోడ్‌బుక్ మీద పడింది. క్లిక్! వాడు పెట్టె మీదే కూలబడ్డాడు. మీసం ఊడి కిందపడింది.

అసలు కమాండర్ రంగుల గోదాములో కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. పిల్లి నోటి గుడ్డ తీశాడు.

"ఎలా కనిపెట్టావురా?"

"వాడు ఎనిమిదీ తగిలించుకున్నాడు. అదెందుకు పెట్టుకోవు బావా?"

"పెరిస్కోప్ చూసింది నువ్వు కదరా. నీ పేరే రాసి పంపాను, పైవాళ్లు కొట్టేశారు. నీది నేనెలా పెట్టుకోను?"

పిల్లి వంగి బావ చేతుల కట్లు విప్పాడు. ఛీ, మంచితనంలో కూడా వీడే ఫస్టు!

కాళ్ల కట్లు మాత్రం ఓ అయిదు నిమిషాలు ఆగి విప్పాడు.