కొలవని కొస

"ఆ కొస పట్టుకుని కదలకుండా నిలబడు తల్లీ" అన్నాడు నాన్న.

నాన్న తాపీమేస్త్రి. కూతురు చదివే బడి మెట్ల పక్కన వీల్‌చెయిర్ కోసం ర్యాంపు కడుతున్నాడు. నీళ్ళు నింపిన లెవెల్ పైపు ఒక కొస గుమ్మం దగ్గర తన చేతిలో ఉంది. రెండో కొస పన్నెండు అడుగుల అవతల కూతురి చేతిలో ఉంది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కణ్ణుంచి రెండు చోట్లా నేల ఎంత కిందికుందో కొలిస్తే ఎత్తులో అసలు తేడా తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే లంచ్ బెల్ మోగింది. క్లాసంతా బయటికొచ్చి పడింది.

"ఓయ్ కందిరీగా! కూలి పనిలో చేరిపోయావా?"

కూతురి నోటి దురుసు చూసి క్లాసు పెట్టిన పేరది. అంతటి కందిరీగా ఆ పూట సిగ్గుతో చచ్చిపోయింది. పైపు కింద పడేసింది.

"ఇదంతా దేనికి నాన్నా? ఎత్తులో తేడాని దూరంతో భాగిస్తే వాలు వచ్చేస్తుంది. గుమ్మం ఎత్తు ఒక అడుగు, దూరం పన్నెండు. పన్నెండో వంతు. వీల్‌చెయిర్‌కి అంతే ఉండాలి."

"మరి నీ వైపు నేల?"

"కొలిచాను. సమంగానే ఉంది."

అబద్ధం! కంటికి సమంగా కనిపించింది, అంతే. నిజానికి ఆ కొస నేల అరడుగు పల్లంలో ఉంది.

వాలు చూసుకునేందుకు దారం కట్టాక నాన్నకి అనుమానం వచ్చింది. "వాలు కాస్త ఎక్కువైందేమోనే?"

"నా లెక్క తప్పదు నాన్నా!"

చదువుకుంటున్న కూతురు మరి. మురిసిపోయి, తన కంటిని కాదని, ఆమె మాట నమ్మాడు పాపం.

వారం తర్వాత ర్యాంపు ఆరింది. కందిరీగ క్లాసులో వీల్‌చెయిర్‌లో తిరిగే పక్క బెంచీ పిల్ల ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూసిన రోజది. ఇద్దరు ఆయాలు తనని రోజూ మోసుకెళ్ళడం ఆమెకి అస్సలు నచ్చేది కాదు.

"ఎవరూ నన్ను ముట్టుకోవద్దు. నేనే ఎక్కుతా" అంది.

సగం దూరం ఎక్కింది. చేతులు జారాయి. కుర్చీ వెనక్కి దొర్లి బోల్తా పడింది. కుడి మణికట్టు విరిగింది.

నాన్న పరుగున వచ్చి ర్యాంపు మళ్ళీ కొలిచాడు. పన్నెండు అడుగుల్లో అడుగున్నర ఎత్తు. అంటే ఎనిమిదో వంతు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకి ఇట్టే అర్థమైంది.

"ఇన్నేళ్ళ అనుభవమట! పిల్లల ప్రాణాలతో ఆటలా? మళ్ళీ ఈ గడప తొక్కకండి" అంది హెడ్‌మిస్ట్రెస్.

నాన్న తల దించుకున్నాడు. తప్పు తన మీదే వేసుకున్నాడు. కూతురి వైపు చూడనైనా లేదు. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది ఆమెకి.

మర్నాడు పక్క బెంచీ పిల్ల చేతికి కట్టుతో వచ్చింది. ఆయాలు కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కిస్తుంటే కళ్ళు మూసుకుంది.

కందిరీగ అది చూసింది. ప్రార్థన అవుతుండగానే వరసలోంచి బయటికొచ్చి మైకు ముందు నిలబడింది.

"మేస్త్రి తప్పేం లేదు. నేల కొలిచానని అబద్ధం చెప్పింది నేను. మీరందరూ చూస్తున్నారని సిగ్గుపడి కొలవలేదు."

పక్క బెంచీ పిల్ల ముఖం తిప్పేసుకుంది. అయినా కందిరీగ మైకు వదల్లేదు.

"ఆ మేస్త్రి మా నాన్న" అంది.