రణానికి ముందు వ్రాసిన కమ్మలు

ముట్టడి మొదలైన నలభై ఒకటో నాటి ఉదయాన శ్రీగండదుర్గపు బురుజుమీద నిలిచి చూచినవారికి నేల కనబడలేదు; కొండ పాదంనుండి వాగు గట్టుదాకా శత్రువుల గుడారాలే, వాటి నడుమ మూడు దినాల క్రితం కోటనుండి వెడలి తిరిగిరాని ఐదువందలమంది వీరుల శవాలే. వారిని తెచ్చి దహనం చేసుకొనే వీలైనా లేక గోడమీది భటులు ముఖాలు తిప్పుకొని నిలిచారు.

ఆ దండును నడిపినవాడు బొప్పన దండనాయకుడు. శత్రువుల ధాన్యపు రాశులకు నిప్పుపెట్టడానికి వెళ్లి, దక్షిణంనుండి వారికి కొత్త సేన వచ్చి చేరిందని ఎరుగక చిక్కుకొని, భుజాన బల్లెపు గాయంతో రెండువందలమందిని మాత్రం వెనుకకు తేగలిగాడు. ఇప్పుడు రాణి అన్నెమాంబ కొలువులో నిరాయుధుడై నిలిచాడు. నేరం రుజువైతే తల పోతుంది. అతడి తల పోతే కోట నిలవదని వాకిట కాచుకొన్న ప్రతి భటుడికీ తెలుసు.

మంత్రి నాగదేవుడు లేచాడు. దండనాయక పదవి తన బావమరిదికి ఇప్పించాలని ఏడాదిగా పొంచి ఉన్న మనిషి.

"మహాదేవీ, చిత్తగింపుడు! శత్రువునకు సాయము రాగలదని పసిబిడ్డకైనను తెలియును. ఆనాడే నా మనసు కీడు శంకించినది. ఎరిగియుండి ఏడువందలమందిని మృత్యుముఖమునకు నడిపినవాడు మూర్ఖుడైనను కావలె, ద్రోహియైనను కావలె. బొప్పన మూర్ఖుడు కాడని మనమందరము ఎరుగుదుము."

సభలో తలలు ఊగాయి. ఓడిన యుద్ధానికి ప్రతివాడూ జ్యోతిష్కుడే కదా! కోశాధికారి తనకు ఆనాడే ఎడమకన్ను అదిరిందన్నాడు. అంతవరకు గోడమీది పిల్లుల్లా కూర్చున్న సామంతులకు కూడా ఏవేవో అనుమానాలు జ్ఞాపకానికి వచ్చాయి. రాణి సైతం నిట్టూర్చి, "మాకును ఆనాడు గుండె బరువెక్కినది" అంది. ఆమె కావాలని అబద్ధమాడలేదు, పాపం. నిజంగానే అలా గుర్తుంది.

అన్నిటికంటె ఘోరం, బొప్పన కూడా తలవంచాడు. "నిజమే దేవీ. ముందునాటి సాయంకాలము దక్షిణమున ధూళి చూచితిని. అది సేనయని గ్రహింపవలసినది. శిక్షింపుడు."

రాణి శిక్ష పలకబోయింది. ఇంతలో కొలువు వ్రాతలన్నీ చూచే వృద్ధుడు, రాయసం తిప్పయ, ఆజ్ఞ లేకుండానే లేచి నిలబడ్డాడు.

"ఏలినవారు క్షమింపవలె. ఈ వంశమున ఒక కట్టడి కలదు. దండు కదలకమునుపు ఆలోచనసభలోని ప్రతివారును తమకు తెలిసినదేమి, తెలియనిదేమి, తమ సలహా యేమి, స్వహస్తమున తాటికమ్మపై వ్రాసి ముద్రవేసి నా చేతికీయవలె. ఫలితము తెలిసిన పిదప సభలో విప్పి చదువవలె. గెలిచిన యేండ్లలో విప్పుమని ఎవరును అడుగలేదు. నేడు నేనడుగుచున్నాను."

"జ్ఞాపకమున్న మాటలకు కమ్మలేల?" అని మంత్రి గద్దించాడు.

"ఫలితమును చూచి జ్ఞాపకము మాట మార్చును, అమాత్యా. కమ్మ మార్చదు."

రాణి తల పంకించింది. ముద్రలు పగిలాయి. మంత్రి వ్రాత ఇది: "విజయము తథ్యము. బొప్పన జాగు చేయుచున్నాడు. వెంటనే పంపుడు." కోశాధికారిది ఒక్క ముక్క: "మంత్రిగారి మాటయే నా మాట." ఎడమకన్ను ప్రసక్తి లేదు.

బొప్పన కమ్మను తిప్పయ నెమ్మదిగా చదివాడు. "మన ధాన్యము తొమ్మిది దినములకు చాలును. దక్షిణమునకు పోయిన వేగులు మరలలేదు. ధూళి కనబడినది, పశువులదో సేనదో తెలియదు, తెలిసికొనుటకు వ్యవధి లేదు. ఆగినచో ఆకలిచే చత్తుము. పోయినచో సగము ఆశ కలదు. పోవుటయే మేలు."

చివరిది రాణి స్వహస్తపు కమ్మ. దాన్ని చదవడానికి తిప్పయకు నోరు రాక ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె పైకే చదివింది. "పంపుడు. నాకు ఏ శంకయు లేదు."

అన్నెమాంబ సింహాసనం దిగింది. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. "మేము అబద్ధము పలికితిమి, పలుకుచున్నామని ఎరుగకయే పలికితిమి. నిర్ణయము మనందరిది. ఆనాడు తెలిసినంతలో అది తప్పును కాదు. అమాత్యా, మీ వ్రాత మీరే మరచినను మరపించజూచినను, ఈ సభలో మీకిక చోటు లేదు. ముద్రిక అచట ఉంచి పొండు. దండనాయకా, ఇప్పుడేమి కర్తవ్యము?"

"ఆరు దినముల ధాన్యమున్నది, దేవీ. ఈమారు శత్రువుల బలమెంతయో తెలియును. రాశులకు నిప్పుపెట్టవలె. ఖడ్గము ఇప్పించుడు."

మళ్లీ కమ్మలు వ్రాశారు. ఈసారి ఎవరి గంటమూ తొందరగా కదలలేదు. మిట్టమధ్యాహ్నం, శత్రువులు భోజనాలకు కూర్చున్న వేళ, బొప్పన మూడువందలమందితో వాగు గట్టు వెంట దిగాడు. ధాన్యం తగలబడింది. మూడో నాటికి తిండిలేక శత్రువులు గుడారాలు పీకారు. బొప్పన మాత్రం ఆ దాడిలోనే నేలకొరిగి, ఢాలుమీద, నలుగురి భుజాలమీద కోటకు చేరాడు.

కొలువంతా కంటతడి పెట్టింది. "తిరిగిరాడని అతని ముఖమున ఆనాడే చూచితిని" అన్నాడు కోశాధికారి. "నాకును తెలియును" అన్నాడు ఒక సామంతుడు.

రాణి చేయెత్తి వారించింది. "తిప్పయా, ముందు మా కమ్మ చదువుము."

ముసలివాడు విప్పాడు. "బొప్పన విజయుడై తిరిగివచ్చును. సాయంకాలమునకు వేడినీళ్లు, అన్నము సిద్ధపరచి ఉంచుడు."

"మాకు తెలియదు," అంది రాణి. "వచ్చునని నమ్మితిమి." అని, కొలువులో అందరి ఎదుటా ఆ పార్థివదేహం పాదాలు పట్టుకొని ఏడ్చింది.