మచ్చ ఉన్న వేణువు

ఎబినేజర్ మొదటి షిఫ్టుకి బయల్దేరే హడావిడిలో ఉన్నాడు. విజయశ్రీ అతని టిఫిన్ డబ్బాలో చపాతీలు సర్దుతుంటే గేటు చప్పుడైంది. చూస్తే తల్లి సత్యవేణి! అల్లుడు ఇంట్లో లేని వేళ చూసుకుని, ఎప్పుడో ఏడాదికోసారి దొంగచాటుగా వచ్చిపోయే మనిషి. ఇంత పొద్దున్నే గుమ్మంలో కనిపించేసరికి విజయశ్రీ డబ్బా పట్టుకునే ఎదురెళ్ళింది.

"నాన్నకేమైనా అయిందా అమ్మా?"

"అలాంటిదేం లేదు. ఆదివారం ఆయన కచేరీ ఉంది..." అని సత్యవేణి అల్లుణ్ణి చూసి ఆగిపోయింది.

"రా అత్తమ్మా, గట్ల నిలబడ్డవేంది? కూసో," అన్నాడు ఎబినేజర్.

ఉప్పల్లోని పుట్టింటి నుంచి నాచారంలోని ఈ ఇంటికి షేర్ ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరాన్ని తండ్రి చలపతిరావు ఆరేళ్ళుగా దాటలేదు. ఫార్మా కంపెనీలో మిషన్ నడిపే క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకున్నానని కూతురు వచ్చి చెప్పిన రోజు, "నాకు పిల్లల్లేరు" అని ముఖం మీదే తలుపేశాడు. పదమూడేళ్ళు తన దగ్గర వేణువు నేర్చిన కూతురు. తనకంటే దాని చెవే నమ్మకమైనదని నలుగురిలో గర్వంగా చెప్పుకున్న కూతురు. ఆమె వేణువు కూడా ఆ తలుపు లోపలే ఉండిపోయింది. కొత్తది కొనిస్తానని ఎబినేజర్ ఎన్నిసార్లు అడిగినా విజయశ్రీ ఒప్పుకోలేదు.

సత్యవేణి నెమ్మదిగా విషయం చెప్పింది. చలపతిరావు బేస్ ఫ్లూట్, కింది స్వరాలు పలికే పొడవాటి వేణువు, ఎండకి నిలువునా బీటవారింది. ఆదివారం కచేరీ అంతా మంద్రస్థాయిలోనే కావాలన్నారు సభవాళ్ళు. కొత్తది ఎంచుకోవాలి. కానీ ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో మిగిలింది సగమే. శ్రుతి తేల్చుకోలేకపోతున్నాడు. ఈ సంగతి బయట ఒక్కరికీ తెలియదు.

"ఆయన పంపించారా నిన్ను?"

"పంపలేదు. వెళ్తున్నానంటే వద్దనలేదు."

విజయశ్రీ డబ్బా మూత గట్టిగా నొక్కింది. "కూతురు అక్కర్లేదు గానీ కూతురి చెవి కావాలన్నమాట."

"పో విజయా," అన్నాడు ఎబినేజర్ మెల్లగా. "నలుగురిల పెద్దాయన ఇజ్జత్ పోతే నీకు మాత్రం మంచిగుంటదా?"

పోశయ్య వేణువులు చేసే షెడ్డు రామంతాపూర్‌లో ఒక ఇరుకు సందు చివర ఉంది. తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి చలపతిరావు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కూతుర్ని చూసి చూపు తిప్పుకుని, "పోశయ్యా, ఆవిడకి చూపించు," అన్నాడు.

ఆవిడ! విజయశ్రీ చెప్పులు విడిచి దూరంగా కూర్చుంది.

పోశయ్య మూడు బేస్ ఫ్లూట్లు తెచ్చి చాపమీద పెట్టాడు. ఒక్కొక్కటీ రెండున్నర అడుగుల పైమాటే. ఆమె ఒక్కోదాన్ని వెలుతురుకి ఎత్తి లోపలి బోలు సాఫీగా ఉందో లేదో చూసింది. వెదురు మందం వేళ్ళతో తడిమింది. సన్నని పగులేమైనా ఉందేమోనని గోటితో గీసి చూసింది. పోశయ్య శ్రుతిపెట్టె వేశాడు. చలపతిరావు ఒకదాని తర్వాత ఒకటి వాయించాడు.

మొదటిదాంట్లో మంద్ర పంచమం కిందికి జారింది. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది. నునుపైన పసుపు వెదురు, ఎర్రటి పట్టుదారం చుట్లు. కానీ గాంధారం శ్రుతికి పైన పలికింది, నాదం కంటే గాలి ఎక్కువ వినిపించింది. మూడోదాని ఒంటిమీద అరచేయంత నల్లమచ్చ. అది మాత్రం అడుగు స్వరం దాకా నిండుగా, నిబ్బరంగా పలికింది.

"మూడోది," అంది విజయశ్రీ.

చలపతిరావు ముఖం ఎర్రబడింది. మొదటిసారి కూతురి కళ్ళలోకి చూశాడు. "ఆ మచ్చదా? రెండోదానికేం తక్కువైంది? నన్ను స్టేజీ మీద నవ్వులపాలు చేద్దామనేగా! ఆరేళ్ళ కసి తీర్చుకుంటున్నావు."

"కసే ఉంటే రెండోదే బాగుందని చెప్పి వెళ్ళిపోయేదాన్ని!" ఆమె గొంతు షెడ్డంతా మోగింది. "మీకు వినపడదుగా నాన్నా!"

సత్యవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోశయ్య శ్రుతిపెట్టె ఆపేశాడు. "సారుకు ఇనొస్తలేదా?" అని గొణిగాడు.

దాచింది బయటపడ్డాక చలపతిరావుకి ఇక బింకం మిగల్లేదు. మచ్చ ఉన్న వేణువు తీసి కూతురి ముందుకి జరిపాడు. "ఆదివారం నువ్వు వాయించు. సభవాళ్ళకి నేను చెప్తాను."

విజయశ్రీ వేణువు పెదవికి ఆనించింది. గాలి పక్కకి పోయింది. మళ్ళీ ఊదింది. వేళ్ళు ఎంత చాపినా రంధ్రాలు పూర్తిగా మూతపడలేదు. ఒక బొంగురు చప్పుడు వచ్చి తెగిపోయింది. నాలుగోసారి ఊదేసరికి ఆయాసం వచ్చింది.

"ఆరేళ్ళు ముట్టుకోలేదు నాన్నా. చెవి మిగిలింది, చెయ్యి మిగల్లేదు. ఐదు రోజుల్లో రాదు. అసలు వస్తుందో రాదో." వేణువు చాపమీద పెట్టి అడిగింది. "నా ఫ్లూట్ ఉందా?"

ఆమె పెదవుల కదలికని బట్టి ఆయనకి అర్థమైంది. "లేదు. ఆ రోజే మోకాలికేసి విరిచేశాను. కోపం తీరుతుందనుకున్నాను." ఆయన వేణువు మచ్చ మీద చెయ్యి పెట్టాడు. "విరిగింది వెదురే అనుకున్నానమ్మా."

విజయశ్రీ ఓదార్చలేదు. ఆమెకి మనసు రాలేదు.

ఆయన జేబులోంచి సెల్‌ఫోన్ తీసి భార్య చేతికిచ్చాడు. "సభవాళ్ళకి చెయ్యి సత్యా. చలపతిరావుకి వినపడదు, ఇక కచేరీలు చెయ్యడని చెప్పు." తర్వాత పోశయ్యని మచ్చ ఉన్నదాన్ని కట్టివ్వమన్నాడు.

మూడు గంటలకి ఎబినేజర్ షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంటి గేటు బయట చలపతిరావు నిలబడి ఉన్నాడు. చంకలో గుడ్డ చుట్టిన వేణువు. కూతురూ భార్యా లోపలికి వెళ్ళి చాలాసేపయింది, ఆయనకే కాలు ముందుకి పడలేదు.

"లోపలికి రాండ్రి మామా."

"ఆఁ?"

"లోపలికి రాండ్రి!" అని అతను గట్టిగా అరిచాడు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. చలపతిరావు తలొంచుకున్నాడు.

"బాబూ, రోజూ సాయంత్రం ఒక గంట వచ్చి కూర్చుంటాను. అమ్మాయికి పాఠం చెప్పాలి. మీకు అభ్యంతరం లేకపోతే."

ఎబినేజర్ గేటు బార్లా తీశాడు.

విజయశ్రీ వేణువు అందుకుంది గానీ తండ్రి ముఖంలోకి చూడలేదు. చాపమీద ఆయనకెదురుగా కూర్చుని షడ్జమం పట్టింది. స్వరం కాసేపు ఊగి, విరిగిపోయింది. ఆయన ముందుకి వంగి, ఆమె వేళ్ళనే చూస్తూ అడిగాడు.

"నిలిచిందా తల్లీ?"

అబద్ధం చెప్తే ఆయనకి తెలియదు. ఆ సంగతి తట్టగానే పొద్దుట్నుంచీ బిగబట్టిన ఏడుపు ఆమెకి తన్నుకొచ్చింది.

"లేదు నాన్నా," అంది.

"మళ్ళీ ఊదు," అన్నాడు చలపతిరావు.