ఎక్కిలితో ముగిసే నవ్వు

కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు పోయిందని ఏడ్చేవాళ్ళను లింబాద్రి చూశాడు, ఫోను పోయిందని తిరిగేవాళ్ళనూ చూశాడు. నవ్వు పోయిందని, తనది తనకు ఇచ్చెయ్యమని మెట్లెక్కి వచ్చిన పిల్లను మాత్రం ఆ శుక్రవారమే చూశాడు.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. వారమంతా దజీజ్ గోదాములో పెట్టెలు మోసి, శుక్రవారం వస్తే అబ్బాసియాలో ఇడ్లీ హోటలు పైనున్న చిన్న హాల్లో స్కిట్లు ఆడతాడు. రాసేదీ అతనే, వేషం కట్టేదీ అతనే. కెమెరా పట్టేది మొబైల్ షాపులో పనిచేసే కడప ఖాజావలి. మన దేశంలో ఒక చిన్న తెలుగు చానెల్ వీళ్ళ స్కిట్లకు శుక్రవారం అరగంట ఇచ్చింది. ఇచ్చేటప్పుడే మేనేజరు గట్టిగా చెప్పాడు: నవ్వులు కలిపి పంపండి, లేకపోతే జోకు ఎక్కడుందో జనానికెలా తెలుస్తుంది అని.

మొదట కంప్యూటర్లో దొరికిన నవ్వులు కలిపారు. అవన్నీ దొరల నవ్వులు. జగిత్యాల మాటకు లండన్లో ఎవరో నవ్వినట్టుండేది. అందుకని ఖాజావలి ఉగాది విందులో ఆడవాళ్ళంతా ఒక మూల చేరి నవ్వుకుంటుంటే, మైకు అటు తిప్పి ఆ నవ్వులన్నీ పట్టుకొచ్చాడు.

అందులో ఒక నవ్వుంది. గలగలా మొదలై, మెట్లు దిగినట్టు దిగి, చివర ఒక ఎక్కిలి వచ్చి ఆగుతుంది. ఆ నవ్వంటే లింబాద్రికి ప్రాణం. ముఖం తెలియదు, పేరు తెలియదు. జోకు పండితే ఒకసారి, పండకపోతే రెండుసార్లు ఆ నవ్వే కలిపేవాడు.

ఆ నవ్వు గల పిల్లే ఇప్పుడు గుమ్మంలో నిలబడింది. పేరు వెంకటేశ్వరి. ఊరు రాయచోటి వైపు, పని అబూ హలీఫాలో ఒక ఇంట్లో. అబ్బాసియాలో సరుకుల కొట్లో టీవీ నుంచి తన నవ్వు తనకే వినబడేసరికి, ఇది ఆడేదెక్కడో కొట్లోనే అడిగి, కొన్న కొత్తిమీర కట్ట చేత్తోనే పట్టుకుని వచ్చేసింది.

"నా నవ్వు నాకిచ్చెయ్ అన్నా."

"అది నీదేనని ఏం గుర్తు?" అన్నాడు లింబాద్రి.

"ఆ ఎక్కిలి నాది గాదా? మాయమ్మ యాడున్నా గుర్తుపడతాది. పనిమనిషి ట్రే పట్టుకోని జారిపడితే నేను నవ్వినట్ల పెట్టినావే. పోయిన నెల నేనూ అట్లే పడి, నడుము పట్టేసి ఏడ్సినా. నేను ఏడ్సే చోట నన్ను నవ్విస్తావా నువ్వు?"

లింబాద్రి చానెల్ సంగతీ, మేనేజరు సంగతీ చెప్పుకున్నాడు. ఆమె అంతా విని, నవ్వొచ్చేట్టు రాస్తే మనుషులే నవ్వుతారు గదా, ఎప్పుడు నవ్వాలో నువ్వు చెప్పాలా అంది. మాటా మాటా పెరిగి పందెంలో పడింది. ఆమె శుక్రవారాలు వచ్చి కూర్చుంటుంది. జనం ముందు ఆడే రోజుకి ఆమెకు నిజంగా నవ్వొచ్చిందా, ఆ నవ్వు అతనిది. రాలేదా, పాత నవ్వు కూడా తీసెయ్యాలి. నవ్వు లేకపోతే చానెల్ అరగంట లేనట్టే.

ఇక చూడాలి ఆ శుక్రవారాలు. అతను చదివేవాడు, ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత గంభీరంగా కూర్చునేది. ఎప్పుడైనా పెదవి చివర కాస్త కదిలితే, వెంటనే చున్నీ అడ్డం వచ్చేది. ఇదంతా గోదాము వంటిల్లు, ఇళ్ళలో ఇట్లా ఉండదని దిద్దేది. అతను కొట్టేసి మళ్ళీ రాసేవాడు. కింద నుంచి వచ్చిన టీ చల్లారిపోయేది. ఆమె అన్నా అని పిలిచినప్పుడల్లా మాత్రం అతనికి టీలో పంచదార తగ్గినట్టుండేది.

చెప్పేద్దామనుకున్న వేళకు మామ వచ్చిపడ్డాడు.

ఎండ వాలితే చాలు, ఆమె లేచేది. మామకు మందులియ్యాల అనేది. ఇంకోనాడు, మామకు కాళ్ళ నొప్పులు, నేను పట్టకుంటే నిద్ర రాదు అంది. మరోనాడు తేనె సీసా కొంటూ, మామకు ఇదంటే పాణం అంది. వాళ్ళ వైపు మేనమామనో బావనో చేసుకుని మామా అని పిలుస్తారని లింబాద్రికి తెలుసు. ఇంకేముంది, పెళ్ళయిన పిల్ల. ఎవరినైనా ఒక్క మాట అడిగితే సరిపోయేది. సిగ్గుపడి అడగలేదు. గోదాములో పెట్టెలూ మగవాళ్ళూ తప్ప అతనికి ఈ దేశంలో ఒక్క ఇల్లూ తెలియదు.

ఆడే రోజు వచ్చింది. టైలర్లు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, హాలు నిండిపోయింది. ఖాజావలి ఒక మైకు జనం వైపు తిప్పి పెట్టాడు. గోదాము కుర్రాడు ఇంటిపనిలో చేరడమే స్కిట్టు. కంచాలన్నీ పెట్టెల్లా కప్పుదాకా పేర్చి, యల్లా, కానీండి, లారీ తెప్పించండి అని లింబాద్రి కేకేసేసరికి హాలు ఊగిపోయింది.

ముందు వరసలో వెంకటేశ్వరి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వు మాత్రం బయటికి రాలేదు.

జనం వెళ్ళాక లింబాద్రి ఆమె దగ్గరికి వచ్చాడు. అరగంట పోతుందన్న బెంగ కంటే, ఇక శుక్రవారాలు పోతాయన్న దిగులే ఎక్కువగా ఉంది.

"ఓడిపోయిన. నీ నవ్వు తీసేస్తం. మీ మామ అదృష్టవంతుడు, దినాం వింటడు."

"ఎవురు?"

"మీ మామ. నువ్వు కాళ్ళు పడతవు గదా."

వెంకటేశ్వరి అతని ముఖంలోకి అయోమయంగా చూసింది. "మామకు డెబ్బై ఏండ్లప్పా. మనవరాళ్ళకు పెండ్లిండ్లు గూడా అయినాయి."

"డెబ్బై ఏండ్లాయనకా నిన్నిచ్చిండ్రు?"

వైర్లు చుడుతున్న ఖాజావలి ఉన్నచోటే కూలబడ్డాడు. "ఒరే, ఈడ ఇంటి యజమానురాల్ని మామా అంటారురా. మామంటే ముసిలామె!"

అప్పుడొచ్చింది నవ్వు. చున్నీ ఆపలేకపోయింది, రెండు చేతులూ ఆపలేకపోయాయి. గలగలా మొదలైంది, మెట్లు దిగింది, ఎక్కిలి వచ్చింది. ఆగలేదు, మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలైంది. మైకు ఇంకా తెరిచే ఉంది.

"పందెం నేనే గెలిచిన" అన్నాడు లింబాద్రి.

"ఇది స్కిట్టు గాదు గదా" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"కాదు. ఇది నిజం. ఇంకో మామకు జాగున్నదా? ఉంటే నన్ను అన్నా అనుడు బందు చెయ్యి."

"సరే అన్..." అని నాలుక కరుచుకుంది వెంకటేశ్వరి. ఆ మాట సగంలో ఆగడమే అతనికి జవాబు.

హాలు నవ్వులు విన్న మేనేజరు మారుమాట లేకుండా ఆ స్కిట్టు వేసుకున్నాడు. తర్వాతి స్కిట్టు మామ కథే. చివర్న ఆ నవ్వు, నవ్విన చోటే ఉంది. రాయచోటి వైపు వాళ్ళ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఆమె తల్లి సంజీవమ్మ వెంటనే ఫోను చేసింది. "కువైట్ పోయినాక నువ్వట్ల నవ్వింది ఇనలేదే నేను. ఎవురే ఆ పిల్లోడు? ఫోనియ్యి వానికి." లింబాద్రి ఫోను అందుకుని, ఆమెకు కనబడదని మరిచి, వంగి దండం పెట్టాడు.

గురువారం సాయంత్రం గోదాములో ఉండగా అతని ఫోనుకు వెంకటేశ్వరి వాయిస్ మెసేజీ వచ్చింది. "మామా, రేపు వస్తాండా. తినకుండా ఉండు, చేపల పులుసు తెస్తా."

భుజం మీది పెట్టె దించి, ఇది ఏ మామకు అని అడిగాడు.

జవాబుగా నవ్వు వచ్చింది, చివర ఎక్కిలి వచ్చింది. మర్నాడు హాల్లో ఖాజావలి అది విని, వచ్చే స్కిట్టులో కలుపుదాం పంపరా అన్నాడు. లింబాద్రి పంపలేదు.